బోణీకి పోయిన పెట్టె

పత్తికొండలో వాసవి అంగడి ముందు ఒక చెక్క బెంచీ ఉంది. పొద్దున పేపరు చదువుకోవడానికి దాని మీద కూర్చునే హక్కు నాకు ఆమె తండ్రి సుబ్బన్న శెట్టి కాలం నుంచీ ఉంది. అంగడిలో కుడివైపు బియ్యం, బేడలు, బెల్లం, పసుపు. ఎడమవైపు గాజు అలమారలో కీబోర్డులు, వైర్లు, చార్జర్లు. వాటి పైఅరలో పాత కంప్యూటర్ ఆటల అట్టపెట్టెలు. కందిబేడల కోసం వచ్చినవాళ్లు ఆ పెట్టెల మీద కత్తులూ రాక్షసులూ చూసి దీపావళి సరుకు మిగిలిపోయిందేమో అనుకుంటారు.

వాసవికి నలభై దాటాయి. పెళ్లయి ఆదోనికి పోయి, తండ్రి పోయాక మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుని అంగడికి తిరిగొచ్చింది. ఆయన మార్కెట్ యార్డులో లెక్కలు రాస్తాడు. అంగడి ఆమెదే. మధ్యాహ్నం బేరం పలచబడగానే కళ్లద్దాలు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. తుపాకులు పేల్చే ఇప్పటి ఆటలు ఆమెకు పట్టవు. పాతికేళ్ల కిందటివే ఆడుతుంది. ఆ ఆటల్లో ముందు మనమే ఆరుగురు మనుషుల్ని తయారు చేసుకోవాలి. ఒకడికి కత్తి, ఒకామెకు మంత్రం, ఇంకొకరికి వైద్యం. వాళ్లను వెంటేసుకుని ఊరూరూ తిరగాలి, కనబడినవాళ్లతో మాట్లాడాలి, యుద్ధాలు చేస్తూ బలం పెంచుకోవాలి. ఒక ఆట ముగిసేసరికి ఒక పంట చేతికొస్తుంది. అన్నిటిలోకీ ఆమెకు ఇష్టమైనదాన్ని మేము ఏడు దీపాల ఆట అంటాం. ఇంగ్లీషు పేరు పెట్టె మీద ఉంది కానీ, దాన్ని పలకడానికి నాకు మిగిలిన పళ్లు చాలవు.

సుబ్బన్న ఒకప్పుడు ఆ ఎడమవైపునే నెట్ సెంటర్ నడిపాడు. కూతురికి అప్పుడు పట్టిన పిచ్చి ఇది. ఆటలో మాటలన్నీ ఇంగ్లీషు. నేను కర్నూలులో కాన్వెంటులో చదివినవాణ్ణి. మా మదర్ ఎంత గట్టి మనిషంటే, బడి గోడ మీద వాలిన కాకి కూడా ముందు గుడ్ మార్నింగ్ చెప్పి తర్వాతే అరిచేది. అందుకని తెలియని మాట వచ్చినప్పుడల్లా వాసవి నన్ను పిలిచేది. తెలిస్తే చెప్పేవాణ్ణి, తెలియకపోతే కల్పించేవాణ్ణి. ఆటలో కొండగుహలో ఉండే మరుగుజ్జు కంసాలి ఆలూరు నుంచి వలసపోయినవాడని చెప్తే, ఆ పిల్ల ఏడాది పాటు నమ్మింది.

ఆ ఆటల్లో ఒక విచిత్రం ఉంది. వీరులు ఎవరి ఇంట్లోకైనా దూరి, పెట్టె తెరిచి, ఉన్నదంతా ఎత్తుకుపోవచ్చు. ఇంటివాళ్లు పక్కనే నిలబడి చూస్తూ ఉంటారు, ఏమీ అనరు. అందరూ అలాగే ఆడతారట. వాసవి మాత్రం ఒక్క పెట్టె ముట్టదు.

"వాళ్లిల్లు తాతా. వాళ్లు నమ్మి తలుపు తీసి పెట్టుకున్నారు" అంటుంది.

ధరల సంగతి ఎత్తితే ఇక నేను పేపరు మడిచి పెట్టుకోవాల్సిందే. "పాత ఆట పాత చింతపండు అవుతాదో పాత బియ్యం అవుతాదో ముందుగా చెప్పలేం తాతా" అనేది ఆమె సిద్ధాంతం. పాత చింతపండు నల్లబడి ధర పడిపోతుంది. బియ్యం పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది. అదే ఏడు దీపాల ఆట నెట్‌లో పండగ తగ్గింపులో రెండు కాఫీల ఖర్చుకు దొరుకుతుంది. అట్టపెట్టె నలగకుండా, లోపలి పుస్తకం, గుడ్డ మీద అచ్చు వేసిన పటం ఉన్న పాతదైతే వేలు పలుకుతుంది.

"బియ్యం కన్నా గోనెసంచి ప్రియమన్నమాట" అన్నాను ఒకసారి.

"బియ్యం అందరి ఇండ్లలో ఉండాయి తాతా. వాళ్లొచ్చేది సంచి కోసరమే."

ఆమె పైఅరలో ఏడు దీపాల పెట్టె ఒకటి ఉండేది. అది ఆమెది కాదు, ఈరేష్‌ది.

ఈరేష్ పక్క పల్లెలో టమోటా పండించే చిన్న ఈరన్న కొడుకు. నెట్ సెంటర్ రోజుల్లో వాసవి పక్క కుర్చీలో కూర్చుని అదే ఆట ఆడినవాడు. బెంగళూరుకు ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయినప్పుడు, పాత పుస్తకాల బండి మీద ఆ పెట్టె కనబడితే వారం కూలి పెట్టి కొన్నాడు. ఇంటికి తెచ్చాక లోపలి గుడ్డ పటం వాళ్లమ్మ సుంకులమ్మ కంటబడింది. ఎంత గట్టి గుడ్డ అని మెచ్చుకుని, జొన్నరొట్టెలూ ఉర్లగడ్డ తాలింపూ అందులో మూటగట్టి కొడుకుతోనే పొలానికి పంపింది. ఉత్తరాన మంచుకొండలు ఉన్నచోట పటం మీద ఇంత పసుపు మరక నిలిచిపోయింది. ఈరేష్ గొడవ పడ్డాడు. "కొండకు పసుపు పూస్తే పుణ్యమే కదరా" అని ఆమె నవ్విందట. ఆమె పోయాక, ఇల్లు వానకు కారుతుందని, పెట్టె తెచ్చి వాసవి చేతిలో పెట్టాడు.

"నీ కాడ ఉంటే నా కాడ ఉన్నట్లే అక్కా" అన్నాడు.

మా ఊళ్లో ఇది మామూలే. సంతకొచ్చిన రైతులు సంచులూ గొడుగులూ తెలిసిన అంగడిలో దించి పోతారు. చీటీ ఉండదు, కిరాయి ఉండదు. సాయంత్రం వచ్చి తీసుకుంటారు. కొన్ని ఏళ్ల తరబడి ఉండిపోతాయి. సుబ్బన్న పోయేముందు కూతురికి అప్పజెప్పిన వాటిలో ఎవరిదో ఎద్దు మెడగంట కూడా ఉంది. ఆ ఎద్దు పోయింది, దాని యజమానీ పోయాడు, గంట మాత్రం భద్రంగా ఉంది. అలాంటి అంగడి అది.

మొన్న మాఘమాసం పెళ్లిళ్లప్పుడు ప్రొద్దుటూరు నుంచి ధనుంజయ వచ్చాడు. వాసవికి దూరపు చుట్టం, తమ్ముడి వరస. సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకుని, పాత ఆటలు కొని నెట్‌లో అమ్ముతుంటాడు. ఆ పొద్దున వాసవి అంగడిలో ఇంకా ఒక్క బేరమూ కాలేదు. గడపలో నీళ్లు చల్లి, అగరొత్తి ముట్టిస్తోంది.

"అక్కా, ఆ పై పెట్టె ఎంత?"

"బోణీ బేరమప్పా. ఏదన్నా చిన్నది తీస్కో."

"నాకదే కావాల."

పొద్దున మొదట వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా అంగడికి కళ ఉండదని శెట్ల నమ్మకం. బోణీవాడితో "లేదు", "ఇవ్వను" అనరు. ఇవ్వడం ఇష్టం లేకపోతే వాడే పారిపోయే ధర చెప్తారు. సుబ్బన్న ఆ విద్యలో ఆరితేరినవాడు. కూతురూ అదే చేసింది.

"పన్నెండు వేలు" అంది.

నేను పేపరు వెనక నవ్వుకున్నాను. ధనుంజయ పారిపోలేదు. జేబులో ఉన్నవి తీసి, చాలకపోతే పెళ్లి చదివింపుల కవరు కూడా చించి, నోట్లన్నీ తూకం మిషన్ మీద పెట్టాడు.

"చూస్కో అక్కా" అన్నాడు.

అప్పుడైనా నోరు తెరవొచ్చు. వాసవి పెదవులు కదిలాయి కూడా. కానీ బోణీ డబ్బు కళ్లకద్దుకోవడం చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఆ చేయి ఆమెను అడక్కుండానే నోట్లను కళ్ల దాకా తీసుకుపోయింది. కళ్లకద్దుకున్న బోణీని తిరిగి ఇచ్చిన శెట్టి ఇంకా పుట్టలేదు. ధనుంజయ పెట్టెను చంకలో పెట్టుకుని పెళ్లికి పోయాడు.

ఆ డబ్బు ఆమె గల్లాలో వేయలేదు. దేవుడి పటం వెనక పెట్టింది. మర్నాటి నుంచి దీపం పెట్టేటప్పుడు తల వంచుకుని పెట్టేది. మధ్యాహ్నాలు కంప్యూటర్ ముందు కూర్చునేది కానీ, ఆరుగురు వీరులూ ఒక ఊరి పొలిమేరలో నిలబడే ఉండేవాళ్లు.

"ఏమే, మీ వాళ్లు కాళ్లు నొప్పులని కూర్చున్నారా?" అని అడిగాను.

"ఊళ్లోకి పోవాలంటే సిగ్గయితాంది తాతా."

మళ్లీ తనే అంది: "ఆ ధర వాణ్ణి పంపిచ్చేదానికే చెప్పినానా, లేకుంటే ఇస్తాడేమోనని చెప్పినానా? నాకే తెలీడం లేదు. ఆ పెట్టె అంత పలుకుతాదో లేదో చూద్దామని లోపల యాడనో ఉండింది తాతా."

నేను చదివేసిన పేపరునే మళ్లీ విప్పాను.

పదో తరగతి పరీక్షలు ముగిసిన తర్వాత వచ్చిన సంత రోజు ఈరేష్ సంచి దించుతూ అన్నాడు: "అక్కా, మా శివలీల పరీచ్చలు బాగా రాసినాదంట. ఏమి కావాల్నే అంటే, అవ్వ మరక ఉండే పటం సూపిచ్చు నాయినా అనె. వచ్చే సంతకి పాపను తోడుకొస్తా. పెట్టె తీసి పెట్టు."

"సరేలేప్పా" అంది వాసవి. అతని సంచిని తూకం మిషన్ పక్కకు జరిపింది.

అతను పోయాక నేను నా విద్యకు పనిచెప్పాను. "ఎలుకలు కొట్టినాయని చెప్పు. మామూలు ఎలుకలు కాదు, మంగంపేట గనుల్లో ముగ్గురాయి తిని బలిసినవి. ఒక్కొక్కటి మేకపిల్లంత..."

"వద్దులే తాతా. నువ్వు ఎట్ల చెప్పినా ఆ కతలో ఎలుకను నేనే."

రెండు రోజులకు ఆమె ప్రొద్దుటూరు ప్రయాణం కట్టింది. తోడుకు నేను పోయాను. సాయంత్రానికి చేరి, ఆమె పిన్నమ్మ నాగేంద్రమ్మ ఇంట్లో దిగాం. ధనుంజయ ఇల్లు రెండు వీధుల అవతలే.

"ఇప్పుడే పోయి అడగరాదా?" అన్నాను.

"ఇప్పుడు పోతే ముప్పై వేలంటాడు. తెల్లారి పోతాం."

తెల్లారి ధనుంజయ షట్టర్ పైకెత్తేసరికి మేమిద్దరం ఎదురుగా ఉన్నాం. వాసవి సరాసరి లోపలికి పోయి, దేవుడి పటం వెనక దాచిన ఆ నోట్లనే బల్ల మీద పెట్టింది.

"ఏడు దీపాల పెట్టె తీయప్పా. పన్నెండు వేలు."

ధనుంజయ నోట్లను చూశాడు, ఆమెను చూశాడు, ఇంకా వెలిగించని దీపాన్ని చూశాడు. "ఇది అన్యాయమక్కా! దానికి నిన్ననే ఇరవై ఎనిమిదికి ఒకాయన అడిగినాడు. మధ్యాన్నం రారాదా?"

"బోణీ. ఇస్తావా, వట్టి చేతుల్తో పంపిస్తావా?"

"శెట్టి బిడ్డవే నువ్వు!" అని పళ్లు కొరుక్కుంటూ, నవ్వుకుంటూ పెట్టె దించాడు. "ఇంత దూరం బస్సెక్కి వచ్చినావంటే దీంట్లో ఏమో ఉండాది. చెప్పు."

వాసవి చెప్పింది. వింటున్నకొద్దీ అతని మొహంలో నవ్వు ఆరిపోయింది.

"నమ్మి పెట్టిపోయిన సొమ్మా? ఆ పొద్దే ఒక్క మాట చెప్పింటే నేను తాకుతాంటినా అక్కా? నేనూ అంగడోణ్ణే కదా" అన్నాడు. తర్వాత ఆమెను ఓదార్చడానికి కాబోలు, పెట్టె మూత తీశాడు. "పోనీలే, నీకొక కొసరు. పటం మీద ఏదో పాడు మరక ఉండె. దానివల్లే ధర తగ్గుతాందని రెండు దినాలు నానబెట్టి, మందేసి ఉతికి, ఇస్త్రీ చేయించినా. ఎట్లుండాది చూడు, కొత్తదాని మాదిరి!"

మంచుకొండలు తెల్లగా మెరుస్తున్నాయి.

వాసవి ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. "శానా బాగుండాదప్పా" అంది. తిరుగు బస్సులో పెట్టెను పత్తికొండ దాకా ఒళ్లోనే పెట్టుకుంది.

సంత ముందురోజు సాయంత్రం పటం బల్ల మీద పరిచి కూర్చుంది. నేను చేయి చాచి పసుపు డబ్బా ఆమె ముందుకు జరిపాను. "చిటికెడు చాలు. కొంచెం నూనె కలుపు. కొండ ఎక్కడుందో నీకు తెలుసు, మరక ఎంత ఉండేదో తెలుసు. ఆ పిల్ల చూడబోయేది మరకనే కదా."

ఆమె మూత తీసింది. చిటికెడు పసుపు తీసుకుంది. వేళ్లు కొండల మీద చాలాసేపు ఆగాయి. చివరికి ఆ పసుపును గడపకు పూసి, చేయి కడుక్కుని వచ్చింది.

ఈరేష్ కూతురితో వచ్చాడు. శివలీల చెవుల్లో కొత్త కమ్మలు, రెండు జడలు. వాసవి ఆ పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టింది. ఏమీ మిగల్చకుండా అంతా చెప్పింది. ఎంతకు అమ్మిందీ, ఎందుకు నోరు తెరవలేదో, మరక ఎలా పోయిందో. నాకు చెప్పినట్టే, ఆ ధర ఎందుకు చెప్పిందో తనకే తెలియదన్న మాట కూడా చెప్పింది.

ఈరేష్ పటం విప్పాడు. కొండలున్నచోట బొటనవేలితో రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సోపు వాసన" అన్నాడు.

"ఈడనా నాయినా అవ్వ మరక?" అంది శివలీల.

"ఈడనే ఉండె పాపా."

"ఏమన్నా అనప్పా" అంది వాసవి. "నోరు తెరిచి తిట్టు. లేకుంటే ఆ దుడ్లన్నా తీస్కో, పన్నెండు వేలూ నేనే ఇస్తా."

"దుడ్లెందుకులే అక్కా. పెట్టె వచ్చె కదా. గుడ్డ గుడ్డే." అతను పటాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి పెట్టెలో పెట్టాడు. ఇద్దరూ బస్సుకు పోయారు.

తర్వాతి సంత రోజు పొద్దున్నే వాసవి తూకం మిషన్ పక్కన చోటు ఖాళీ చేసి, గుడ్డతో తుడిచి పెట్టింది. ఈరేష్ ఎప్పుడూ సంచి దించే చోటు అది. టమోటా బేరం ముగించుకుని వచ్చాడు. బెల్లం అడిగాడు, బేడలు అడిగాడు. నాతో వానల సంగతి మాట్లాడాడు. పాప కాలేజీలో చేరుతుందని చెప్పాడు. నవ్వుతూనే ఉన్నాడు. ఇంకా ఊరంతా తిరగాల్సిన పని ఉందని కూడా అతనే చెప్పాడు.

"మరి సంచి దించి పోప్పా" అంది వాసవి.

ఈరేష్ భుజం మీద సంచి సర్దుకున్నాడు. నిండు సంచి. తాడు భుజంలోకి దిగి ఉంది.

"బరువేమీ లేదులే అక్కా" అన్నాడు.