రొయ్యల్ని పస్తుంచిన ఖాళీ డిస్కు

కోనసీమ చెరువుల్లో రొయ్యల్ని ఓ పగలంతా పస్తుంచిన ఘనుణ్ణి నేనేనండి. మందుతోనో మాకుతోనో కాదు, కంప్యూటర్లో ఒకే ఒక్క కమాండుతో.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. హైదరాబాదులో డేటాబేసు కోర్సు చేసొచ్చి, అమలాపురంలో రొయ్యల మేత అమ్మే కంపెనీలో చేరేను. సర్టిఫికెట్టుకి లామినేషన్ చేయించి టేబులు మీద నిలబెట్టుకున్న బాపతు. ప్రింటరు ఆగిందని ఎవరైనా వస్తే, వరమిచ్చే దేవుడిలా ఓ చూపు చూసి గానీ లేచేవాణ్ణి కాదు.

ఆఫీసులో రెండు సర్వర్లు ఉండేవి. ఒకటి పడిపోతే రెండోది పని అందుకుంటుంది. రెండింటికీ కలిపి డిస్కుల పెట్టె మాత్రం ఒక్కటే. ఆర్డర్లు, బిల్లులు, గేటు పాసులు అన్నీ అందులోనే. పైగా ఆ డేటాబేసు ఫైళ్లలో కాకుండా, ఫార్మాట్ చెయ్యని పచ్చి డిస్కు మీదే నేరుగా రాసుకునేది. అంచేత బయట్నించి చూస్తే ఒక్క ఫైలూ కనబడదు. ఈ ముక్క కోర్సులో చెప్పే ఉంటారు. ఆ పూట నేను మార్నింగ్ షోకి పోయుంటాను.

ఓ ఉదయం మేనేజరు సూర్యారావుగారు పిలిచి, "పాత కాగితాలు స్కాన్ చేసి పెట్టడానికి చోటు చాలడం లేదటండి. ఏమైనా చూడగలరా?" అన్నారు.

చూసేను. అంత పెద్ద డిస్కు, ఒక్క ఫైలు లేదు. సర్వర్లు బిగించి, దాన్ని అలా వదిలేసి పోయిన హైదరాబాదు ఇంజినీరు తెలివికి జాలిపడ్డాను కూడా.

బిల్లింగు చూసే పద్మగారు, "అది ముట్టుకోవద్దని ఇంజినీరుగారు మరీ మరీ చెప్పేరండి," అన్నారు.

"ఖాళీ డిస్కుకి కాపలా ఎందుకండీ?"

"ఖాళీయేనంటారా?"

"నా చదువు మీద అనుమానమా అండీ మీకు?"

"ఆయ్, మీ ఇష్టమండి," అని తన బిల్లుల్లో పడ్డారావిడ.

డిస్కంతా తుడిచి ఫైళ్లకి సిద్ధం చేసే ఫార్మాట్ కమాండు కొట్టేను. నిజంగా చెయ్యమంటారా అని కంప్యూటరు కూడా అడిగింది. దానికున్న బుద్ధి నాకేదీ?

కాసేపటికి పద్మగారి తెర మీద బిల్లు సగంలో ఆగిపోయింది. సూర్యారావుగారు పరుగున వచ్చేరు. నేను కాలు మీద కాలేసుకుని, "కంగారు పడకండి. రెండో సర్వరు ఉన్నది ఇందుకే కదండీ," అన్నాను.

అందరం రెండోదాని వైపు తిరిగేం. అది నిక్షేపంగా పని అందుకుని, అదే డిస్కు తెరిచి, అక్కడే కూలబడింది. తలలు రెండున్నా పొట్ట ఒక్కటేనని, ఆ పొట్ట కోసింది నేనేనని అప్పుడు తట్టింది.

"అందులో ఏమీ కనబడలేదండి," అని గొణిగేను.

"గాలీ కనబడదండి," అన్నారు పద్మగారు.

గేటు దగ్గర మేత లారీలు బారులు తీరేయి. పాసు లేనిదే వాచ్‌మన్ కదలనివ్వడు. ఓడలరేవు ఊళ్ళోంచి ఓ రైతు ఫోను చేస్తే నేనే ఎత్తేను.

"మేత ఎప్పుడొస్తుందండి?"

"కంప్యూటరు పనిచెయ్యడం లేదండి."

"మా రొయ్యలకి కంప్యూటరు అక్కర్లేదండి. మేత చాలు."

సాయంత్రానికి చేతిరాత చీటీల మీద లారీలు వదిలేరు. మర్నాడు హైదరాబాదు నుంచి ఇంజినీరు వచ్చి, ఫార్మాట్‌కి ముందు రాత్రి టేపులోకి ఎక్కిన కాపీతో డేటాబేసు నిలబెట్టేడు. నన్ను తిట్టలేదు. "అంత ఖరీదైన పెట్టెలో ఖాళీ డిస్కు ఎవరు పెడతారనుకున్నారండీ?" అని మాత్రం అడిగేడు. తిట్టినా బాగుండేది.

నా కమాండుకి ముందు ఆ ఉదయం వచ్చిన ఆర్డర్లు మాత్రం టేపులో లేవు. "డీలర్ల దగ్గరికి మీరే వెళ్ళి అడిగి రండి," అన్నారు సూర్యారావుగారు, చల్లగా.

పి.గన్నవరం వెళ్ళేను, రాజోలు వెళ్ళేను. ప్రతి డీలరూ మర్యాదగా కుర్చీ వేసి, టీ ఇప్పించి, కథంతా మొదట్నించీ చెప్పించుకున్నాడు. రాజోలు ఆయనైతే పక్క కొట్టువాళ్ళని కూడా పిలిచి, "మళ్ళీ ఓసారి చెప్పండి, వీళ్ళు వినలేదు," అన్నాడు.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. కిటికీ పక్కనున్న పెద్దాయన నన్ను చూసి జాలిపడి, పక్కన పెట్టుకున్న సంచీ ఒళ్ళోకి తీసుకుని, "ఈ సీటు ఖాళీయేనండి, కూర్చోండి," అన్నారు.

ఖాళీగా కనబడిన దేన్నీ ఈ జన్మలో ఖాళీ అని నమ్మనని గోదారి మీద ఒట్టేసుకుని, అమలాపురం దాకా నిలబడే వచ్చేను.