అంకుల్ మాస్కు దించిన రోజు

ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్‌లో మా పక్కింటి అంకుల్ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. లాక్‌డౌన్‌లో ఊరంతా కేకులు చేస్తుంటే, ఆయన అడవి గుర్రాల పోటీకి పేరిచ్చాడు. కొండల్లో పట్టుకొచ్చిన గుర్రాన్ని మూడు నెలల్లో మచ్చిక చేయాలి. చివరిరోజు ఎవరైనా పెంచుకుంటామంటే దానికి ఇల్లు, లేదంటే మళ్లీ పోటీవాళ్ల షెడ్డే.

వైరస్ భయంతో ఆయన ఖాళీ మైదానంలోనూ మాస్కు తీయలేదు. "ఏం కాదు తల్లీ, ఏం కాదు" అంటూ గుర్రం దగ్గరికెళ్లేవాడు. వణికేది ఆయనే. తల్లి నిశ్చింతగా గడ్డి మేసేది.

చివరిరోజు ఒక ముసలి రైతు మాస్కు పెట్టుకుని గుర్రాన్ని చూడ్డానికి వచ్చాడు. మాస్కులోంచి అంకుల్ ఇంగ్లీషు ఆయనకు అర్థం కాలేదు. అంకుల్ మాస్కు దించాడు. గుర్రం ఒక్క ఉదుటున కంచెదాకా పారిపోయింది. ఆ మీసాన్ని అదెప్పుడూ చూడలేదు మరి.

రైతు తల అడ్డంగా ఊపాడు.

"అంకుల్, మాస్కు!" అని అరిచాను.

ఆయన పెట్టుకుని, "ఏం కాదు తల్లీ" అన్నాడు. గుర్రం మెల్లగా వచ్చి ఆయన భుజానికి మూతి ఆనించింది.

"గ్రాండ్, చాలా బాగుంది, తీసుకెళ్తా. ఇంతకీ దానితో ఏమంటున్నావు?" అన్నాడు రైతు.

అంకుల్ నేర్పాడు. రైతు "యేం కాడు టల్లీ" అన్నాడు. గుర్రం చెవులు అటు తిప్పింది.

గుర్రాన్ని ఎక్కించుకుని రైతు బండి వెళ్లిపోయాక అంకుల్ మాస్కును కళ్లదాకా లాక్కున్నాడు. వైరస్ అన్నాడు. నమ్మేశాను.