అవ్వ విన్న మోడెమ్ చప్పుడు

అది 2003 ఆగస్టు. జనగామ స్టేషన్ రోడ్డులో నాకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. ఆ చూపులకు నాకు ఒళ్లు మండేది. ఎవరూ వేలెత్తి చూపకూడదని పని ఇంకా పట్టుగా చేసేదాన్ని.

ఇంటర్నెట్ ఇంకా ఫోన్ లైన్ మీదే వచ్చే రోజులవి. దానికి మోడెమ్ కావాలి. మనం కొట్టిన అక్షరాలను చప్పుడుగా మార్చి ఫోన్ తీగలోకి పంపడం, అవతలి చప్పుడును మళ్లీ అక్షరాలు చేయడం దాని పని. కంప్యూటర్ డబ్బా విప్పి లోపల బిగించేదాన్ని ఇంటర్నల్ మోడెమ్ అంటారు. లైన్ కలిసే ముందు అది అర నిమిషం పాటు కీచుమని, గరగరమని అరుస్తుంది. రెండు మోడెమ్‌లు ఒకదాన్నొకటి పలకరించుకునే చప్పుడది. ఆ గోల కస్టమర్లకు నచ్చదు కాబట్టి, వెళ్లే ముందు దాని స్పీకర్ మూసేసి వెళ్లడం నాకు అలవాటు.

ఆ నెలలో ఒకరోజు కురవి నుంచి సరోజన టీచర్ ఫోన్ చేసింది. ఆమె భర్త భూపాలపల్లిలో బొగ్గు బావిలో పని చేస్తాడు. కూతురు రజితకు పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. పది పాసయ్యాక హైదరాబాదులో అలాంటి పిల్లలకు కంప్యూటర్ నేర్పే హాస్టల్‌లో చేర్పించారు. రెండు నెలలైంది. ఇంట్లో అందరితో చేతి సైగలతో మాట్లాడే పిల్ల, ఆ ఇంటి సైగలు అక్కడ ఎవరికీ తెలియక ఒంటరిదైపోయింది. తిండి మానేసింది. ఉత్తరం రాస్తే చేరడానికి వారం, జవాబు రావడానికి ఇంకో వారం.

"ఇనబడే పిల్లలకైతే ఫోన్ చేసి, ఏడ్వకుమని బుదగరిస్తరు చెల్లె. నా బిడ్డకు ఫోన్ చేసి ఏం లాభం? వాళ్ల నాయిన సోమవారం పోయి తోలుకొస్త అంటుండు. తోలుకొస్తే దాని సదువు గంతే," అంది.

వార్డెన్ ఒక దారి చెప్పిందట. ఆదివారం మూడింటికి రజితను ఇంటర్నెట్ ముందు కూర్చోబెడతాం, మీరు ఇంటి నుంచి అక్షరాలు కొట్టి మాట్లాడండి అని. సరోజన ఇంట్లో కూతురు నేర్చుకోవడానికి కొన్న పాత కంప్యూటర్ ఉంది, మోడెమ్ లేదు. ఆదివారం ఒక్కరోజే నా చేతిలో ఉంది.

పొద్దున్నే రైలెక్కి మానుకోటలో దిగి, ఆటోలో కురవి చేరాను. ఎందుకైనా మంచిదని రెండు రకాల మోడెమ్ కార్డులు తీసుకెళ్లాను. డబ్బా విప్పగానే నా జాగ్రత్తకు నేనే భుజం తట్టుకున్నాను. కొత్త రకం కార్డు తన పనిలో సగం ప్రాసెసర్ నెత్తిన వేస్తుంది. ఈ ముసలి కంప్యూటర్ అంత బరువు మోయలేదు. అందుకే తన పని తానే చేసుకునే పాత రకం కార్డు బిగించాను. అది డయల్ చేయగానే మౌస్ బిగుసుకుపోయింది. రెండింటికీ ఐఆర్‌క్యూ ఒకటే పడింది. ప్రాసెసర్‌ను పిలవడానికి ఒక్కో భాగానికి ఒక్కో నంబరు ఉంటుంది, దాన్నే ఐఆర్‌క్యూ అంటారు. ఇద్దరు ఒకే నంబరుతో పిలిస్తే ఎవరి పనీ జరగదు. కార్డు మీది జంపర్, అంటే పిన్నులను కలిపే చిన్న టోపీ, తీసి వేరే నంబరు మీద పెట్టాను. మౌస్ కదిలింది. టైము పదకొండు. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను.

అసలు కథ అక్కడే మొదలైంది. మోడెమ్ డయల్ చేస్తుంది, అవతల ఎత్తుతుంది, కీచుమని అరుపు మొదలవుతుంది, మధ్యలో తెగిపోతుంది. అయిదు సార్లు, పది సార్లు, అదే తంతు. కార్డు పీకి వేరే స్లాట్‌లో పెట్టాను. మోడెమ్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను. ఫోన్ తీగ కొత్తది వేశాను.

"అక్కా, ఈ లైన్‌కు ఇంకో ఫోన్ ఏమన్న ఉన్నదా?" అని అడిగాను. ఒకే లైన్ మీద రెండో ఫోన్ ఎవరైనా ఎత్తితే మోడెమ్ మాట తెగిపోతుంది.

"లేదు చెల్లె. మా ఇంట్ల ఒక్కటే ఫోన్."

పన్నెండు దాటింది. ఒకటి దాటింది. సరోజన అన్నం పెడతానంటే, "జర ఆగక్కా!" అని కసిరాను. ఆమె గడియారం వైపు, నా చేతుల వైపు మార్చి మార్చి చూస్తోంది. ఆ చూపుకు నా కోపమంతా దిగి, భయం పట్టుకుంది. నా చేతిలో ఉన్నది కార్డు కాదు, ఒక పిల్ల చదువు.

రెండున్నరకు వాకిట్లోకి ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. సరోజన అత్త. వెనక వాడలో పెద్దకొడుకు ఇంట్లో ఉంటుంది.

"సరోజనా, పోరిని తోలుకరమ్మని చెప్పు దాని నాయినకు," అంది రొప్పుతూ. "పొద్దుగాల సంది ఫోన్ చేస్తంది. ఒకటే ఏడుస్తంది. ఏడ్వకు బిడ్డా అని నేను చెప్తనే ఉన్న, ఇనకపాయె. చిన్నప్పుడు గట్లనే ఏడ్చేది. నాకు గుర్తులేదా దాని గొంతు?"

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది.

"అవ్వా, నీ ఫోన్ ఎక్కడిది?"

"గిదే తీగ. పానం బాగలేకుంటే పిలువుమని ఈ సరోజననే గుంజిపిచ్చింది."

సరోజన నోటి మీద చెయ్యి వేసుకుంది. ఇంటి కప్పు మీదుగా తీగ వెనక వాడకు పోతోంది. ఆ ఇంట్లో అది అవ్వ ఫోన్. సరోజన లెక్కలో అది ఈ ఇంటి ఫోన్ కాదు. నేను అడిగిన ప్రశ్నకు ఆమె నిజమే చెప్పింది. పైగా ఆ ఊరి ఎక్స్ఛేంజ్‌కు టోన్ డయలింగ్ పడుతుందో లేదోనని, పాత పద్ధతి పల్స్ డయలింగ్ పెట్టింది నేనే. పల్స్‌లో నంబరు తిరుగుతుంటే పక్క ఫోన్ గంట టింగుటింగుమంటుంది. అది విని అవ్వ ఫోన్ ఎత్తేది. మోడెమ్ అరుపు వినేది. ఆ అరుపులో ఆమెకు మనుమరాలు వినబడింది.

"నువ్వు ఇక్కడనే కూసో అవ్వా. రజిత ఇక్కడికే వస్తది," అని కుర్చీ జరిపాను. మూడుకు రెండు నిమిషాలుంది. డయల్ చేశాను. అరుపు మొదలైంది.

"గదే! గదే గొంతు!" అవ్వ నా భుజం పట్టుకుంది.

ఈసారి తెగలేదు. అరుపు సాగి సాగి, సన్నబడి, ఆగిపోయింది. లైన్ కలిసింది. కాసేపటికి తెరమీద ఒక వరుస వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

అమ్మా నువ్వేనా

సరోజన ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తిన్నావా అని అడిగింది. లేదంది పిల్ల. అవ్వ ఉందా అని అడిగింది. నేను చదివి వినిపించాను.

"పొద్దటి సంది ఎందుకేడ్చినవే అని అడుగు," అంది అవ్వ. అవ్వ ఫోన్‌లో విన్నదట అని కలిపి సరోజన అదే కొట్టింది.

నేను ఏడ్వలేదు, అని వచ్చింది. తర్వాత ఇంకో వరుస వచ్చింది.

అవ్వకు నా గొంతు వినబడిందా

సరోజన చేతులు ఆగిపోయాయి. నావైపు చూసింది. నేను ఆ వరుసను అవ్వకు చదివి వినిపించాను. పదహారేళ్లలో ఆ పిల్ల ఫోన్‌లో ఎవరికీ వినబడలేదు. అవ్వ మాత్రం ఏ అనుమానం లేకుండా, "ఇనబడ్డది అని చెప్పు," అంది. సరోజన కళ్లు తుడుచుకుని కొట్టింది. వినబడింది.

జవాబు వచ్చింది. అయితే ఆదివారం ఆదివారం మాట్లాడుత. నాయినను రావద్దను.

ఆ మాటలు చదివి లేచాను. వేరే ఊళ్లో పని ఉందని చెప్పి గబగబా సామాను సర్దాను. అదేమీ లేదు, వాళ్ల ముందు ఏడవడం ఇష్టం లేదంతే.

ఆ సాయంత్రం సరోజన భూపాలపల్లికి ఫోన్ చేసింది. సోమవారం ఆయన బావిలోకే దిగాడు. రజిత ఆ కోర్సు పూర్తి చేసింది.

రజితకు చెప్పింది అబద్ధమేనని చాలా రోజులు అనుకున్నాను. ఆ అరుపు యంత్రానిదే కదా. కానీ ఆలోచించే కొద్దీ నాకే సందేహం వచ్చింది. ఆ పిల్ల కొట్టిన ప్రతి అక్షరమూ చివరికి ఆ ఇంటి తీగలోకి చప్పుడుగానే వచ్చింది. మోడెమ్ చేసే పనే అది. ఏళ్ల తరబడి ఆ మాట కస్టమర్లకు అప్పజెప్పాను గానీ, ఎంత వింత సంగతి చెబుతున్నానో నాకే తెలియలేదు.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా ఎన్ని ఫోన్లున్నాయని అడగలేదు. తీగ పట్టుకుని చివరిదాకా నడిచాను. ఇంకో అలవాటు కూడా ఆ రోజే పోయింది. వచ్చేముందు, ఇక ఈ గోల ఉండదని చెప్పి, ఎప్పటిలాగే స్పీకర్ మూయడానికి చెయ్యి మౌస్ మీద పెట్టాను. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దాని నోరు ముయ్యకు బిడ్డా," అంది. "మల్ల ఆదివారం నేనినాలె."