తొమ్మిదిళ్ల బువ్వ, బోదకాలు గోలీ

ఆ రోజుల్లో సర్కారు వైద్యమంటే మా వైపు జనానికి రోగమంత భయం. జబ్బు చేశాక మనం వెతుక్కుంటూ పోతే అది దవాఖాన. జబ్బే లేనప్పుడు అది మన గుమ్మంలోకొస్తే ఏదో మతలబు ఉన్నట్టే. మా తాతల కాలంలో టీకాలాయన వస్తున్నాడంటే జొన్నచేలల్లో దాక్కునేవారట. నా కాలానికి నాగరికత పెరిగింది. గోలీలు మర్యాదగా తీసుకుని, నేను మలుపు తిరగగానే కోళ్లగూట్లో వేసేవారు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మంథని దగ్గర ఒక ఊళ్లో కొత్తగా చేరిన నర్సమ్మను, అదీ తాత్కాలికం. బోదకాలు రాకుండా ఏటా ఇచ్చే గోలీలు ఇంటింటా మింగించాలి. సర్కారు వారి షరతులు రెండు: తిన్నాకే మింగాలి, నా కళ్లముందే మింగాలి. "సాయంత్రానికి ఈ వాడంతా మింగకపోతే సంచి సర్దుకో" అని సూపర్‌వైజర్ సారు చెప్పి వెళ్లారు. మా బాపు అప్పటికే నా ఉద్యోగం గురించి చర్చిలో సాక్ష్యం చెప్పి మిఠాయిలు పంచాడు (తాత్కాలికమన్న ముక్క మాత్రం దేవుడికీ చెప్పలేదు). ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోను?

మొదటి ఇల్లు లొల్లి అవ్వది. ఆమె నోటికి జడిసి వాడంతా పెట్టుకున్న పేరది. "ఇంక బువ్వ దినలే బిడ్డా" అంది. తినమన్నాను, కూర్చుంటానన్నాను. రెండు పళ్లేలు తెచ్చింది. "ఇంటికొచ్చిన ఆడిబిడ్డను కూసోవెట్టి నేనొక్కదాన్నే తింటనా? నువ్వు తింటె నేను తింట, నేను తింటె గోలీ మింగుత."

తిన్నాను. ఆమె మింగింది. ఉపాయం దొరికిందని సంబరపడ్డాను గానీ, కబురు నాకంటే ముందు నడిచింది. ప్రతి ఇంట్లోనూ నాకో పళ్లెం సిద్ధం. మక్కజొన్న రవ్వతో వండిన గట్క, పచ్చిపులుసు, గిన్నెకు తట్టి కాల్చిన సర్వప్ప, మళ్లీ గట్క. వద్దంటే వాళ్లూ తినరు, తినకపోతే మింగరు. తొమ్మిదో ఇంటికి నాకు వంగి చెప్పులు తొడుక్కోవడం కూడా చేతకాలేదు. ఇంకా సగం వాడ ఉంది. ఏడుస్తూ లొల్లి అవ్వ గడపలో కూలబడ్డాను. "ఇంక నాతోని గాదవ్వా."

అవ్వ వాకిట్లోకొచ్చి గొంతెత్తింది. "గీ పిల్లను గింత పరేషాన్ జేస్తరా? పొద్దుగాల్నే నా ఇంట్ల తిన్నది, గిది నా సుట్టం. మీ మర్యాదలు జాలు. ఎవరి పల్లెం వాళ్లు వట్టుకోని నా వాకిట్లకు రార్రి!"

వచ్చారు. ఆమె పిలిస్తే రాకుండా బతకగలరా? వరసగా కూర్చుని తిన్నారు. గోలీల దగ్గరికొచ్చేసరికి మళ్లీ గొణుగుడు మొదలైంది. అప్పుడు అవ్వ, పాదాల మీదికి దింపి కట్టుకునే చీరను జానెడు పైకెత్తింది. కాలు ఇంత లావున వాచి ఉంది. "నా తరంల గీ గోలీ లేకుండె. మీకున్నది. మింగుర్రి" అంది మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడటం వాడ వినడం అదే మొదలు. గోలీల డబ్బా పట్టుకుని వరస వెంట నడిచాను. అందరూ మింగారు.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజర్ సారు బండి దిగారు. "ఎవరి పెండ్లి?" అన్నారు బిత్తరపోయి.

"నువ్వు మింగినవా సారూ?" అంది అవ్వ.

"నేనింకా భోజనం..."

"అయితె కూసో" అని పళ్లెం పెట్టింది. సారు కూడా మింగారు, నా కళ్లముందే!

ఇప్పుడు నేనే సూపర్‌వైజర్‌ని. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ వాకిట్లో బుగ్గలు ఉబ్బించుకుని గోలీ మింగిన పిల్లలు ఇప్పుడు తల్లులయ్యారు. ఆ వాడలో కొత్తగా వాచిన కాలు నేను మళ్లీ చూడలేదు. మొన్న అటు వెళ్తూ, మింగినవాళ్ల పేర్లతో నిండిన జాబితాను గుండెలకు హత్తుకుని బస్సులో ఇంటిదాకా నవ్వుకుంటూ పోయిన ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలుచుకున్నాను. ఆ రోజు నిలబడింది తన ఉద్యోగం ఒక్కటే అనుకుంది, పిచ్చిది.