రాజవ్వ ఇంటి గుంత

1962 వానాకాలం మొదట్లో జగిత్యాల మున్సిఫు కోర్టు నన్ను ఒక అద్దె తగాదాలో కమిషనర్‌గా నియమించింది. కమిషనర్ అనగానే జీపూ జవానూ ఊహించుకోవద్దు. న్యాయమూర్తి స్వయంగా వెళ్లి చూడలేని స్థలాన్ని ఆయన తరఫున చూసి, కొలిచి, పటం గీసి, నివేదిక రాసిచ్చే వకీలును కోర్టు భాషలో అలా పిలుస్తారు. చేతినిండా కేసులున్న సీనియర్లు ఈ పని ఒప్పుకోరు. అందుకని నాలాంటి జూనియర్ల నెత్తిన పడేది. అప్పటికి నేను వకాలతు మొదలుపెట్టి కొన్నేళ్లే అయింది. సైకిలు, గొడుగు, కొలత టేపు, ఇవే నా సరంజామా.

కమిషనర్ రెండు నియమాలు తప్పకూడదు. ఇరుపక్షాలకూ ముందే నోటీసిచ్చి, ఇద్దరూ ఉన్నప్పుడే లోపల కాలు పెట్టాలి. ఏది ఉందో రాయాలి తప్ప ఎవరిది తప్పో చెప్పకూడదు. మొదటిది ఎవరైనా పాటిస్తారు. రెండోదే నోరున్న వకీలుకు ప్రాణసంకటం.

తగాదా ఇది. ఇంటి యజమానురాలు రాజవ్వ, ధర్మపురి దారిలోని ఒక పల్లెలో భూములున్న కుటుంబం ఆమెది. భర్త పోయాక పిల్లల చదువుకని జగిత్యాలలోని తమ పాత ఇంటికి వచ్చి, వెనక సందువైపు రెండు గదులు కట్టించి అద్దెకిచ్చింది. అద్దెకివ్వడం ఆమెకు అదే మొదలు. ఒక గదిలో బడిపంతులు దిగాడు, పేచీ లేదు. రెండో గది నర్సయ్య అనే నేత పనివాడికిచ్చింది. ఇచ్చే ముందు ఆమె అడగవలసినవన్నీ అడిగాననే అనుకుంది. ఏ ఊరు, ఏ కులం, తాగుతాడా, ఎవరు పంపారు? అన్నింటికీ మంచి జవాబులే వచ్చాయి. పొద్దంతా తన గదిలో ఏం చేస్తాడని మాత్రం అడగలేదు. అప్పట్లో నర్సయ్య వేరొకరి మగ్గం మీద కూలికి నేసేవాడు, గది పడుకోవడానికే. కొత్తగా అద్దెకిచ్చేవాళ్లందరూ ఇక్కడే బోల్తాపడతారు. మనిషిని తూకం వేస్తారు, అతని పనిని చూడరు.

కొన్నాళ్లకు నర్సయ్య దశ తిరిగింది. నూలిచ్చి చీరలు నేయించుకునే ఆసామి ఒకరు, సొంత మగ్గం పెట్టుకుంటే నూలు ఇస్తానన్నాడు. నర్సయ్య తండ్రి మగ్గం పల్లెలో అటకెక్కి ఉంది. మన వైపు అప్పుడు ఎక్కువగా గుంట మగ్గాలే. నేసే మనిషి నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలో వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతాడు. మగ్గం రావాలంటే ముందు గుంత తవ్వాలి. తవ్వడానికి ముహూర్తం కావాలి. ముహూర్తం వచ్చిన రోజున రాజవ్వ విత్తనాల పని మీద పల్లెలో ఉంది. ఆ ముహూర్తం తప్పితే ఆషాఢం అడ్డం వస్తుంది. నర్సయ్య ఆమె కోసం మధ్యాహ్నం దాకా చూసి, చూసి, గడ్డపార తీసుకున్నాడు. గుంత చుట్టూ పసుపు కుంకుమ చల్లి, నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టి, మగ్గం తేవడానికి భార్యాబిడ్డలతో బండి కట్టించుకుని ఊరికి పోయాడు.

ఆ సాయంత్రమే రాజవ్వ దిగింది. సందులో వెళుతూ కిటికీలోంచి చూస్తే ఏముంది? తాను ఊళ్లో లేనప్పుడు తవ్విన గుంత, పసుపు, నిమ్మచెక్కలు, కొబ్బరి చిప్ప. మనిషి జాడ లేదు.

చదివేవారు నవ్వకండి. రజాకార్ల రోజుల్లో నిజాం రాజ్యం సరిహద్దు దాటి పోయే ముందు ఎన్నో కుటుంబాలు బంగారమూ ఇత్తడీ ఇంటి నేలలోనే పాతిపెట్టాయి. కొందరు తిరిగొచ్చి తీసుకున్నారు, కొందరికి చోటు గుర్తులేదు. ఆ తరువాత చాలా ఏళ్లు మా ప్రాంతంలో ఎవరు గడ్డపార ఎత్తినా పక్కింటివాళ్ల చెవులు నిక్కబొడుచుకునేవి. రాజవ్వ మామ కూడా ఏదో పాతాడని ఇంట్లో ఒక మాట ఉండేది. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. గదికి తన తాళం వేసింది.

రెండో రోజు నర్సయ్య మగ్గం కర్రలతో బండి దిగి, తాళం చూసి నిలువునా నీరైపోయాడు. అది మగ్గం గుంతేనని మొత్తుకున్నాడు. దొరికిన దొంగ ప్రతివాడూ అదే చెబుతాడంది రాజవ్వ. వంటగిన్నెలు లోపల, మగ్గం బయట. కర్రల మీద గోనెపట్టా కప్పి పంతులుగారి అరుగు మీద పెట్టారు. వాన పట్టుకుంది. తడిసిన కర్ర వంకరపోతే ఆ మగ్గం ఇక పనికిరాదు. ఆసామి కబురు ఇంకా ఘోరం. నెల తిరిగేలోపల మగ్గం నిలబడకపోతే నూలు ఇంకొకరికి పోతుంది. సొంత మగ్గం అనే మాట నర్సయ్య జీవితంలో మళ్లీ వినబడుతుందో లేదో తెలియదు. అందుకే అతను కోర్టుకెక్కాడు. ఇల్లు పాడుచేశాడు కనుక ఖాళీ చేయించమని రాజవ్వ ఎదురు దరఖాస్తు పెట్టింది.

వకీలుగా ఒక మాట చెప్పాలి. ఇల్లు యజమానిదే అయినా, అద్దెకున్నవాడి గదికి తనంతట తాను తాళం వేసే హక్కు యజమానికి లేదు. ఎంత న్యాయమైన ఫిర్యాదు ఉన్నా, తాళం పడిన క్షణం నుంచి కోర్టు ఫిర్యాదును వదిలి తాళాన్నే చూస్తుంది. తాళం వేసే ముందు రాజవ్వకు ఈ సంగతి చెప్పినవారు లేరు.

తనిఖీ నాటికి వ్యవహారం మరింత ముదిరింది. గుంతలో బిందె దొరికిందట అని బజారంతా గుప్పుమంది. రాజవ్వ మరిది భూంరెడ్డి ఆ మాట విని, పాత ఇల్లు ఉమ్మడిది కనుక దొరికినదాంట్లో సగం తనదని, ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని పల్లె నుంచి దిగాడు. కోర్టు కాగితాల్లో అతని పేరు ఎక్కడా లేదు. అయినా అందరికంటే ముందు గుమ్మంలో నిలబడ్డాడు. సంబంధం లేనివారు బయట ఉండాలని చెబితే నన్ను ఎగాదిగా చూసి, "గీ పిల్ల వకీలా చూసేది?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నివేదికలో రాయడానికి వీల్లేని మాట ఒకటి మనసులో అనుకుని, తాళం తీయించాను.

గుంత కొలిచాను. పొడవు, వెడల్పు, లోతు రాసుకున్నాను. లోతు మోకాలి దాకానే ఉంది. అంచులకు పేడ అలికి ఉంది. నాకు అర్థమైంది, కాని చెప్పకూడదు కదా. పేడ అలికిన సంగతి మాత్రం రాసి టేపు చుట్టాను.

రాజవ్వ గుంతవైపు చూడకుండా నాతోనే అంది, "వకీలు సాబ్, నేను ఊల్లె లేని దినమే చూసి తవ్విండు. నిమ్మకాయలెందుకు మరి? గట్లనే లంకెబిందెలకు తవ్వుతరు."

"దిష్టి తగలొద్దని పెడ్తమవ్వా," అన్నాడు నర్సయ్య. "మీ కోసం పగటిదాక చూసిన. మీరు రాలే. ముహూర్తం దాటిపోతుండె." తరువాత నావైపు తిరిగి, "జర నా మగ్గం లోపట పెట్టి చూపియ్యనా సాబ్?" అని అడిగాడు.

ఒక పక్షం కోరితే, రెండో పక్షం అభ్యంతరం చెప్పకపోతే, అలాంటి పరీక్ష చేయించి రాసుకోవచ్చు. రాజవ్వను అడిగాను. "పెట్టనీ, చూస్త," అంది. పంతులుగారు, ఆ ఇద్దరు పెద్దమనుషులు, చివరికి భూంరెడ్డి కూడా తలో కర్ర పట్టి లోపలికి మోశారు. నర్సయ్య చకచకా బిగించాడు. తరువాత అంచున కూర్చుని కాళ్లు గుంతలోకి దించాడు. పాదాలు సరిగ్గా తొక్కుడు చెక్కల మీద ఆనాయి. ఖాళీ మగ్గాన్నే రెండుసార్లు తొక్కాడు. టకటకమని చప్పుడు.

"మా బాపు మగ్గం," అన్నాడు. కర్రను అరచేత్తో నిమిరాడు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, దాచడమెందుకు.

రాజవ్వ దగ్గరికొచ్చి, వంగి, గుంత అంచు చేత్తో తడిమింది. "అలికినవ్ గద," అంది నెమ్మదిగా. "తవ్వుకపొయ్యేటోడు అలుకడు." భూంరెడ్డి ఇంకా గుంత అడుగుకే చూస్తున్నాడు. ఆమె మరిదివైపు తిరిగి, "ఏం మరిదీ, సగం గుంత తీస్కపోతవా?" అనగానే ఆ పెద్దమనుషులు కూడా ఫక్కున నవ్వారు. అతను ఆ పూట భోజనానికి కూడా ఆగలేదు.

నేను అనుకున్నది అక్కడితో అయిపోతుందని. రాజవ్వ అలా వదలలేదు. కోపం పోయాకే ఆమెలోని అసలు యజమానురాలు బయటికి వచ్చింది. ఖాళీ చేసేనాడు గుంత పూడ్చి, దిమ్మిస కొట్టి, నేల మునుపటిలా చేసి ఇవ్వాలి. గోడకు మేకు కొట్టాలన్నా ముందు అడగాలి, తాను ఊళ్లో లేకపోతే పంతులుగారితో చెప్పి కబురు పెట్టాలి. తానూ చెప్పకుండా గది తలుపు తెరవదు, తాళం మాటే ఎత్తదు. నర్సయ్య అన్నింటికీ తలూపి ఒక్కటి అడిగాడు. వానకు ఆ మూల కురుస్తోంది, నూలు తడిస్తే తన పని గోవిందా, పైకప్పు బాగుచేయించాలి. "చేపిస్త," అంది. ఇద్దరి వకీళ్లూ ఆ షరతులే రాజీపత్రంగా రాసి కోర్టులో వేశారు. ఆ ప్రకారమే రెండు దరఖాస్తులూ ముగిశాయి. ఆ గడువుకు ముందే నర్సయ్య మగ్గం మీద ఆసామి నూలు ఎక్కింది.

తరువాతి సంవత్సరం రాజవ్వ సందు పొడవునా మరికొన్ని గదులు కట్టించింది. మేస్త్రీ నేల గట్టిచేయకముందే నర్సయ్యను పిలిచి, ఏ గదిలో గుంత ఎక్కడుండాలో, వెలుతురు ఏ వైపు నుంచి రావాలో అడిగి కట్టించిందని విన్నాను. నేను జగిత్యాల వదిలి కరీంనగర్ వచ్చేదాకా ఆ గదుల్లో ఒక్కటి కూడా ఖాళీగా చూడలేదు. పొద్దున్నే ఆ సందులో సైకిలు మీద పోతుంటే మగ్గాల చప్పుడు ఇరువైపులా వినబడేది.

ఆ కేసు నాకు నేర్పింది ఒక పద్ధతి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ కిరాయినామా రాయించుకోవడానికి వస్తే, కలం తీసే ముందు ఇద్దరినీ ఆ ఖాళీ గదికి తీసుకెళ్లేవాణ్ణి. పొయ్యి ఎక్కడ పెడతావు, నీళ్లు ఎటు పోతాయి, తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా ఇక్కడ ఏం పని చేస్తావు అని అద్దెకొచ్చేవాడి చేత యజమాని ఎదుటే చెప్పించేవాణ్ణి. కొన్నిసార్లు బేరం అక్కడే తప్పిపోయేది, నా ఫీజూ దానితోపాటే పోయేది. కుదిరినవాళ్లు మాత్రం మళ్లీ నా గుమ్మం తొక్కింది తగాదాతో కాదు, ఇంకో గదికి కిరాయినామా రాయించుకోవడానికే.