బాతెల్ పెరట్లో నాలుగు ఫ్లాషులు, ఒక పిట్ట

హమ్మింగ్‌బర్డ్ మీద వ్యాసం రాస్తానంటే మా తెలుగు సంఘం పత్రిక సంపాదకుడు తెగ సంతోషించి, ఫోటో లేకపోతే మాత్రం వేయనన్నాడు. నా రాత అచ్చులో పడడం ఇదే మొదటిసారి. గడువు ఆదివారం రాత్రి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా పెరట్లోకి పిట్టలు రావు, గడ్డి కోయమని కాలనీవాళ్ల నోటీసులు వస్తాయి. అందుకని శనివారం పొద్దున ఏడింటి విమానమెక్కాను. సియాటిల్ పక్కన బాతెల్‌లో మా చెల్లెలి కూతురు లత ఉంటుంది. ఆమె భర్త ప్రసాద్‌గారు ఫోటోగ్రాఫర్. అంటే సాఫ్ట్‌వేర్ ఇంజనీరే, కెమెరా కొన్నారు.

సియాటిల్‌లో దిగేసరికి అక్కడి టైము తొమ్మిదిన్నర. మూడు డాలర్ల టికెట్‌తో రైలు, ఆ పైన బస్సు. విమానంలో పెట్టిన విందు ఒక్క బిస్కెట్టు. పులిహోర కట్టుకెళ్లాను కాబట్టి బతికాను, మీరూ కట్టుకెళ్లండి. బస్సులో పక్కన కూర్చున్న తెలుగమ్మాయి నా ప్రయాణం సంగతి విని జాలిపడింది.

"పిట్ట కోసం ఇంత దూరమా ఆంటీ? మా ఇంటి వెనక చెక్క డెక్ మీదకి రోజూ వస్తాయి. వీడియో ఫార్వర్డ్ చేసేదాన్నిగా."

పన్నెండింటికి ఇల్లు చేరాను. అల్లుడుగారు పెరట్లో పెళ్లికి చేసినంత ఏర్పాటు చేశారు. నాలుగు స్టాండ్ల మీద నాలుగు ఫ్లాషులు, వెనక ఆకుల బొమ్మ అట్ట, మధ్యలో వేలాడే పంచదార నీళ్ల సీసా. ఒక వంతు పంచదారకు నాలుగు వంతుల నీళ్లు, ఇంకేమీ కలపకూడదు. పానకం కదా అని యాలకుల పొడి వేయబోతే లత నా చెయ్యి పట్టుకుంది.

పిట్ట వచ్చింది. ఫ్లాషులు మెరిశాయి. ఫోటోలో పిట్ట ఉంది, రెక్కల చోట పొగ ఉంది. సాయంత్రానికి రెండు వందల ఫోటోలు, రెండు వందల పొగలు. ఇక్కడి సీమంతాలకూ ఓణీల ఫంక్షన్లకూ అల్లుడుగారే ఫోటోలు తీస్తారు. ముఖాలు తెల్లగా రావాలని అందరూ అడుగుతారట, అందుకని ఆయన ఫ్లాషు ఎప్పుడూ ఫుల్ పవర్‌లోనే ఉంటుంది. పిట్ట కూడా చక్కగా తెల్లబడింది.

నేను యాభై దాటాక చదవడం నేర్చుకున్నదాన్ని. కనబడ్డ కాగితమల్లా చదువుతాను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లకు ఆ అవస్థ లేదు. ఆదివారం పొద్దున ఫ్లాషు పెట్టెలో, దాన్నెలా వాడాలో చెప్పే మడత విప్పని కాగితం కనిపిస్తే, వేలు పెట్టుకుని గంటసేపు చదివాను. పవర్ తగ్గించేకొద్దీ మెరుపు పొట్టిదవుతుందట. అంత పొట్టి మెరుపులోనే రెక్క ఆగి కనబడుతుందట.

"పదహారో వంతుకు తగ్గించి చూడండి బాబూ" అన్నాను.

"చీకటిగా వస్తుంది అత్తయ్యగారూ. నేను పదేళ్లుగా తీస్తున్నాను."

"స్టాండ్లు దగ్గరికి జరపమని కూడా రాసుంది."

లత కాఫీ కప్పు కింద పెట్టి మొగుడి వైపు చూసింది. "పెద్దమ్మ ఫ్లైట్ మూడింటికి. జరుపు."

పదింటికి పిట్ట మళ్లీ వచ్చింది. ఈసారి రెక్కలో ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. గొంతు గులాబీ రంగులో తళతళలాడుతోంది. అల్లుడుగారు చాలాసేపు చూసి, తనకు మొదట్నుంచీ అదే అనుమానమని చెప్పారు.

ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర కూర్చుని ఫోటో పంపాను. ఐదు నిమిషాల్లో సంపాదకుడి జవాబు వచ్చింది. ఫోటో అద్భుతమట, పేజీ నిండా వేస్తారట, వ్యాసం మాత్రం నాలుగు లైన్లకు కుదించాలట.

విమానంలో నాలుగు గంటలూ కుదిస్తూ కూర్చున్నాను. ఒక లైను కొట్టేస్తే రెండు లైన్లు కొత్తవి వచ్చాయి. పిట్టను చూడాలనుకునేవాళ్లు తప్పక వెళ్లండి, రెండు రోజులు చాలు. డాలస్‌లో దిగగానే వ్యాసమంతా పంపేసి, పిట్టనే చిన్నది చేసుకోమని రాశాను. అసలే అది బొటనవేలంత ఉంటుంది.