ఇచ్చోడ బట్టీలో కుడి చెయ్యి

ఆదిలాబాద్ వెళ్లే మా బస్సు ఇచ్చోడలో పంచరై ఆగింది. రోడ్డు పక్క బేకరీ బోర్డు మీద వేడి బన్నులని రాసి ఉంటే లోపలికి వెళ్లాను. బన్నులు కాల్చడానికి ఇటుకలతో కట్టిన బట్టీ అయితే ఉంది, అందులో నిప్పు లేదు. నిన్నటివే అంటగడతారని తేల్చేసుకున్నాను. దానికి తోడు, పిండి ఉండలు చేస్తున్న పెద్దాయన కుడిచేతి మీద మోచేతి దాకా ఒక్క వెంట్రుక లేదు. ఎడమ చెయ్యి మామూలుగానే ఉంది. ఏదో చర్మరోగం అనుకున్నాను.

"నిప్పు లేకుండా బన్నులెలా కాలతాయి?" అని కాస్త గట్టిగానే అడిగాను.

"నిప్పుంటే మాడిపోతయ్ సారూ. పొద్దుగాల్నుంచి కట్టెలు పెడితే ఇటుకలు గరమైనయ్. ఇప్పుడే బొగ్గులన్నీ బయటికి గుంజి, తడి గోనెసంచితోని తుడిచిన. ఇటుకల వేడికే కాలుతయ్. జర ఆగుండ్రి, వేడి సూడాలె."

మీటరేదీ కనపడలేదు. ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా బట్టీలో పెట్టి "ఏక్, దో..." అని లెక్కపెట్టి, ఏడు దగ్గర తీసేశాడు.

"ఇంకా ఎక్కువున్నది. పది దాకా ఓర్సుకునేటట్టు అయితెనే బన్నులు పెట్టాలె."

నాకు నాటకమనిపించింది. నేనూ పెట్టి చూస్తానన్నాను. ఆయన పక్కకు జరిగి నాకోసం లెక్కపెట్టాడు. "తీన్" అనకముందే చెయ్యి లాక్కున్నాను.

బస్సు కదిలేసరికి ఒళ్లో వేడి బన్నులున్నాయి. నా కుడిచేతి మీద వెంట్రుకలు మాడి, మణికట్టు పైన నున్నగా అయింది. పక్క సీటాయన ఆ చేతినే చూసి చూసి, కాస్త దూరం జరిగి కూర్చున్నాడు.